మానసిక ఔషధములకు అనుమతి ఏల ఆలస్యమగును?

2024వ సంవత్సరము చివరి మాట. కొన్ని ఏండ్ల క్రిందట మా కళాశాలలో రసాయన శాస్త్రము చదివిన విద్యార్థి యొకడు నిజామాబాదు బస్సు స్టాండులో కనబడెను. ఆతనిది బోధన్ సమీపమున నొక పల్లె. ఆతని అన్న పదేండ్లుగా స్కిజోఫ్రీనియా అను మానసిక వ్యాధితో బాధపడుచున్నాడు. లేని గొంతులు వినబడుట, ఎవరో తన్ను వెంటాడుచున్నారను భయము, పనియందును మనుష్యులయందును ఆసక్తి సన్నగిల్లుట ఈ వ్యాధి లక్షణములు. రెండు మూడు రకముల మందులు వాడిచూచిరి. గొంతులు పూర్తిగా ఆగలేదు; చేతులు వణకుట మాత్రము మొదలైనది.

"సార్, అమెరికాల కొత్త గోలీ వచ్చిందట. దానితోని చేతులు వణకవట. అది మనకెప్పుడొస్తది? ఆఫీసులోళ్లు ఫైలు మీద కూసుంటె మా అన్న జిందగీ పాయె కద సార్!" అని ఆ యువకుడు అడిగెను.

ఆనాడు నేనిచ్చిన సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. ఇంటిలో నొక మనిషి కండ్లయెదుట క్రుంగిపోవుచుండగా, ఎక్కడనో తయారై యున్న మందు తన ఊరికి రాకుండుటకంటె దుర్భరమైనది మరొకటి లేదు. కాని 'ఆలస్యము' అను నొక్క మాటలో నాలుగు వేర్వేరు సంగతులు ఇమిడియున్నవి. వానిని విడదీసి చూడనిదే మన కోపము చేరవలసిన చోటికి చేరదు. అందుకై మనసు మందుల చరిత్రలో దాదాపు 200 ఏండ్లు వెనుకకు పోవుదము. ఆ చరిత్రలోని మొదటి ఘట్టము విచిత్రముగా మన జిల్లాకు చాల దగ్గరిది.

ఆల్కహాలు నుండి నిద్రమందు

ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుగన్నదియు, 2015 డిసెంబరులో మూతపడినదియు అగు బోధన్ నిజాం చక్కెర కర్మాగారమును ఎరుగని వారు మన ప్రాంతమున లేరు. చెరకు రసము నుండి చక్కెర తీసిన పిదప మొలాసిస్ అను నల్లని మడ్డి మిగులును. దానిని పులియబెట్టి బట్టీ పట్టినచో ఈథైల్ ఆల్కహాలు వచ్చును. 1832లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు యూస్టస్ ఫాన్ లీబిగ్ ఈ ఆల్కహాలులోనికి క్లోరిన్ వాయువును పంపి క్లోరల్ అను క్రొత్త పదార్థమును తయారుచేసెను. అది నీటితో కలిసినపుడు క్లోరల్ హైడ్రేట్ అను స్ఫటికము లేర్పడును.

ఈ పదార్థము 37 ఏండ్లు ప్రయోగశాల బీరువాలోనే యుండెను. 1869లో బెర్లిన్ నగరమున ఆస్కార్ లీబ్రైక్ అను వైద్యుడు, ఇది శరీరములో విడిపోయి క్లోరోఫారముగా మారునని ఊహించి పరీక్షించెను. ఊహ తప్పు, శరీరము దానిని ట్రైక్లోరోఈథనాల్ అను వేరొక ఆల్కహాలుగా మార్చును. కాని నిద్ర మాత్రము వచ్చెను. మానవుడు కృత్రిమముగా తయారుచేసిన మొదటి నిద్రమందు ఇదియే. కొలది యేండ్లలోనే ఐరోపాలోని పిచ్చాసుపత్రులన్నిటికి వ్యాపించెను. ఎవరి అనుమతియు అక్కరలేకపోయెను. అనుమతి నిచ్చు కార్యాలయమే ఆనాడు లేదు. మందునకు అలవాటుపడి అది లేనిదే బ్రతుకలేని వారు బయలుదేరిన పిదప గాని దాని రెండవ ముఖము లోకమునకు తెలియలేదు.

కల్లు కుండలోని మందు

ఇది ఏనాటి కథయో అనుకొనరాదు. ఈత, తాటి చెట్లు తగ్గిపోయినను కల్లు గిరాకి తగ్గని మన తెలంగాణ పల్లెలలో, పలుచనైన కల్లునకు మత్తు తెచ్చుటకై కొందరు మొదట కలిపినది ఈ క్లోరల్ హైడ్రేటే. తరువాత డయాజిపామ్, ఆపైన ఆల్ప్రజోలం వచ్చినవి. ఈ రెండును ఆందోళన వ్యాధికి వైద్యులు వ్రాయు మందులు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నియంత్రితములు. చీటీ లేనిదే మందుల దుకాణమున అమ్మరాదు. కాని కల్లు కుండకు చీటీ అక్కరలేదు. ఎవరికి ఎంత మోతాదు పోవుచున్నదో పోయువానికిని తెలియదు, త్రాగువానికిని తెలియదు.

మెదడులో గాబా అను రసాయనము గుఱ్ఱపు కళ్లెము వంటిది. నాడీకణములు మితిమీరి ఉద్రేకపడకుండ పట్టియుంచును. ఆల్ప్రజోలం ఆ కళ్లెమును మరింత బిగించును. ప్రతిదినము బిగించుచుండగా మెదడు దానికి సరిపడునట్లు తన సహజమైన కళ్లెమును వదులు చేసికొనును. ఇక ఒక్కసారిగా మందు ఆగినచో, బయటి కళ్లెమును లేదు, లోపలి కళ్లెమును లేదు. చేతులు వణకును, నిద్ర పోవును, లేనివి కనబడును, వినబడును, మూర్ఛలు వచ్చును, ప్రాణము పోవుటయు గలదు.

2015లో ప్రభుత్వము కల్తీ కల్లుపై దాడులు తీవ్రము చేసినపుడు జరిగినది ఇదియే. ఆ సెప్టెంబరు మాసములో నిజామాబాదు ప్రభుత్వ వైద్యశాలకును, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకును వందలకొలది జనము వచ్చిరి. ఏండ్లతరబడి సాయంత్రము కల్లు త్రాగి పడుకొను కూలివారు, స్త్రీలు సయితము వింతగా ప్రవర్తించుచు, వణకుచు, మూర్ఛలతో పడిపోవుచుండిరి. కొందరు మరణించిరని పత్రికలు ప్రకటించినవి. తమకు పట్టినది కల్లు అలవాటు అని వారు ఎరుగుదురు. ఒక మానసిక ఔషధమునకు తాము బానిసలైతిమని మాత్రము ఎరుగరు. పదేండ్లు గడచినను పాఠము పూర్తిగా అందలేదు. 2025 ఏప్రిల్‌లో బాన్సువాడ ప్రాంతపు పల్లెలలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరల ఆసుపత్రుల పాలైరి.

ద్వారపాలకుడు లేని చోట మందు ఎంత త్వరగా ప్రజలకు చేరునో తెలియగోరువారు దూరము పోనక్కరలేదు. మన ఊరి కల్లు దుకాణమునకు అది ఏ ఆలస్యమును లేకుండనే చేరినది.

సర్పగంధ: ఎవరును ఆపకున్నను ఆలస్యమే

ద్వారము లేకున్నచో మంచి మందు వెంటనే లోకమునకు అందునని చెప్పుటకును వీలులేదు. సర్పగంధ వేరును మన దేశమున ఉన్మాదమునకును, నిద్రలేమికిని తరతరములుగా వాడుచుండిరి. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అను వైద్యు లిరువురు ఇది ఉన్మాదమును, అధిక రక్తపోటును తగ్గించునని శాస్త్రీయముగా ప్రకటించిరి. కలకత్తాలో రామనాథ్ చోప్రా మొదలైనవారు దీనిని పరిశోధించిరి. కాని పాశ్చాత్య వైద్యలోకము చెవిని బెట్టలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల రక్తపోటు కొలతలను ఒక బ్రిటిష్ పత్రికలో ప్రకటించిన పిదప గాని దానికి గుర్తింపు రాలేదు. 1952లో స్విట్జర్లండులో ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. 1954లో అమెరికాలో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులపై పరీక్షించి ఫలితములు వెల్లడించెను.

1931 నుండి 1954 వరకు 23 ఏండ్లు! ఈ కాలమంతయు ఏ అధికారియు ఫైలు తొక్కిపెట్టలేదు. వినువారు లేకపోవుటయే ఆలస్యమునకు కారణము. వకీల్ మాట చెల్లుటకు కారణము ఆయన ఎదుట నుంచిన కొలతలు. 'ఈ వేరు మంచిది' అనుటకును, 'ఇంతమందికి ఇంత మోతాదిచ్చితిమి, రక్తపోటు ఇంత తగ్గెను' అనుటకును గల వ్యత్యాసము అదియే.

ఉప్పు సీసాలోని లిథియం

ఇప్పుడు 1949వ సంవత్సరమునకు పోవుదము. ఆ ఒక్క ఏట, ఒకే మూలకము రెండు రూపములలో ప్రపంచమున కెదురైనది.

ఆవర్తన పట్టికలో హైడ్రోజన్, హీలియంల తరువాత మూడవది లిథియం. సోడియంతో నిదియు ఒకే కుటుంబమునకు చెందినది. కనుక లిథియం క్లోరైడు ఉప్పగానే యుండును. గుండె జబ్బుగలవారు సోడియం ఉప్పు తినరాదు గదా యని అమెరికాలో దీనిని ఉప్పునకు బదులుగా సీసాలలో అమ్మిరి. ఇది ఆహారముగా లెక్కకు వచ్చెను గాని ఔషధముగా రాలేదు. అందుచే మోతాదు నియమము లేదు. రుచికి తగినంత చల్లుకొనుటయే. కాని మూత్రపిండము సోడియంను, లిథియంను సరిగా వేరుచేసి గుర్తింపలేదు. దేహములో సోడియం తక్కువైనచో, మూత్రపిండము సోడియంను విడువక పట్టుకొనుచు, దానితోపాటు లిథియంను గూడ పట్టి నిలుపును. అనగా ఉప్పు మానిన గుండెరోగికి లిథియం ఇచ్చుట, ఎవరికి ఇయ్యరాదో వారికే ఇచ్చుట. ఆ యేడాది మొదటి నెలలలో పలువురు విషలక్షణములకు లోనై, కొందరు మరణించిరి. అమెరికా ఆహార, ఔషధ శాఖ వెంటనే ఆ సీసాలను అంగళ్లనుండి తొలగింపజేసెను.

అదే 1949 సెప్టెంబరులో ఆస్ట్రేలియా వైద్యపత్రికలో జాన్ కేడ్ అను వైద్యుని వ్యాసము వెలువడెను. రెండవ ప్రపంచ యుద్ధములో జపానువారికి చిక్కి సింగపూరు చాంగీ శిబిరమున మూడున్నర యేండ్లు బందీగా నున్నవాడు ఆయన. కేడ్ మొదట గినీ పందులపై, పిదప తనపై లిథియంను పరీక్షించుకొని, ఉన్మాదముతో ఉద్రేకపడు పదిమంది రోగుల కిచ్చెను. అయిదేండ్లుగా ఉద్రేకము తగ్గని 51 ఏండ్ల రోగి కొలది నెలలలో ఇంటికి పోయి తన పనిలో తిరిగి చేరెను. దురదృష్టవశమున అదే రోగి 1950లో లిథియం విషప్రభావముచేతనే మరణించెను. కలతచెందిన కేడ్ స్వయముగా ఆ మందును మానుకొనెను.

ప్రాణము నిలుపు మోతాదునకును, తీయు మోతాదునకును నడుమ దూరము బహు స్వల్పము. లీటరు రక్తద్రవములో 0.6 నుండి 1.2 మిల్లీమోలుల వరకు లిథియం ఔషధము, 1.5 దాటినచో విషలక్షణములు పొడచూపును. కంటికి కనబడని ఈ గీతను చూచుటెట్లు? ఉన్నత పాఠశాల విద్యార్థులు జ్వాలా పరీక్ష చేసియుందురు. సోడియం పసుపు, పొటాషియం ఊదా, లిథియం కెంపు రంగు జ్వాల నిచ్చును. ఆ కెంపుదనము ఎంతయో అంకెలలో చెప్పు యంత్రమే జ్వాలా దీప్తిమాపకము. మెల్బోర్న్‌లో నోవాక్, ట్రాట్నర్ అనువారు 1951 నాటికి రోగుల రక్తములోని లిథియంను కొలుచుచు మందునిచ్చు పద్ధతిని చూపిరి. 1954లో డెన్మార్కు వైద్యుడు మోజెన్స్ షౌ, తన సహచరులతో కలిసి ఉత్తుత్తి మాత్రలతో పోల్చి పరీక్షించి, లిథియం పనిచేయునని నిరూపించెను.

అయినను అమెరికాలో దీనికి అనుమతి వచ్చినది 1970లో! కేడ్ వ్యాసము నాటినుండి 21 ఏండ్లు. కారణములు రెండు. లిథియం ప్రకృతిసిద్ధమైన మూలకము. దానిపై పేటెంటు హక్కు పొందుటకు వీలులేదు. కావున ఏ వ్యాపారసంస్థయు డబ్బు ఖర్చుపెట్టి అనుమతి కోరుటకు ముందుకు రాలేదు. రెండవ కారణము, ఉప్పు సీసా మిగిల్చిన భయము. ఈ సంగతి మనము గట్టిగా గుర్తుంచుకొనవలెను. కొలత లేక, ద్వారము దాటక, సీసాలో అమ్ముడుపోయిన లిథియమే, కొలిచి ఇయ్యదగిన లిథియంను ఇరువది యేండ్లు ఆపినది. ద్వారము లేని చోట జరిగిన హానియే తరువాత ద్వారమువద్ద ఆలస్యముగా పరిణమించినది.

త్వరగా వచ్చినవి, రాకుండ ఆగినది

మానసిక ఔషధములన్నియు ఆలస్యముగా వచ్చినవని తలపరాదు. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అను వైద్యులు క్లోర్‌ప్రొమజిన్ గుణమును చాటిరి. 1954 నాటికే అది అమెరికా అంగళ్లలో నుండెను. లియో స్టెర్న్‌బాక్ తయారుచేసి మూలను పడవేసిన ఒక పదార్థమును 1957లో పరీక్షింపగా, ఆందోళనను తగ్గించునని తేలెను. అదియే లిబ్రియం, మూడేండ్లలోపల, 1960లో, అమ్మకమునకు వచ్చెను. దాని తమ్ములే డయాజిపామ్, ఆల్ప్రజోలములు. ఎక్కువ మోతాదులో వాడి హఠాత్తుగా మానినచో మూర్ఛలు వచ్చునని 1961లోనే ఒక పరిశోధన హెచ్చరించెను. ఆ హెచ్చరిక వైద్యుల అలవాటులోనికి వచ్చుటకు ఎన్నో యేండ్లు పట్టెను. మన కల్లు కుండకు నేటికిని చేరలేదు.

అదే 1960లో థాలిడోమైడ్ అను మరియొక నిద్రమాత్రకు అనుమతి నిమ్మని అమెరికాలో దరఖాస్తు వచ్చెను. పశ్చిమ జర్మనీలో 1957 నుండి అది చీటీ లేకుండ అమ్ముడుపోవుచుండెను. క్రొత్తగా ఉద్యోగములో చేరిన ఫ్రాన్సిస్ కెల్సీ అను అధికారిణి, ఆధారములు చాలవని మాటిమాటికి దరఖాస్తును త్రిప్పిపంపెను. ఆమె ఊరక జాప్యము చేయుచున్నదని సంస్థ పై అధికారులకు మొరపెట్టుకొనెను. 1961 నవంబరులో నిజము బయటపడెను: గర్భవతులు ఆ మాత్ర వాడుటచే వివిధ దేశములలో పదివేలకు పైగా శిశువులు అవయవలోపములతో పుట్టిరి. 1962లో అమెరికా తన చట్టమును మార్చి, మందు హానిచేయదని మాత్రమే కాక పనిచేయునని గూడ నిరూపింపవలెనని విధించెను. నేడు మనలను విసిగించు సుదీర్ఘ పరీక్షలకు పునాది ఆ శాసనమే.

నెత్తుటి చుక్కతో తెరచుకొన్న తలుపు

క్లోజపిన్ కథ మన విద్యార్థి ప్రశ్నకు మరింత చేరువైనది. స్విట్జర్లండులో 1950వ దశకము చివర తయారైన ఈ మందు, ఇతర మందులకు లొంగని స్కిజోఫ్రీనియాను లొంగదీయును. చేతులు వణకుటయు మిగుల తక్కువ. 1970వ దశకము మొదట ఐరోపాలో వాడుకలోనికి వచ్చెను. 1975లో ఫిన్లండులో కొందరు రోగుల రక్తమున శ్వేతకణములు దాదాపు మాయమై, అంటువ్యాధులు సోకి 8 మంది మరణించిరి. పలు దేశములలో మందును ఉపసంహరించిరి. దానివలన తేరుకొన్న రోగులు మరల వ్యాధిపాలైరి. ద్వారము మూయుటకును మూల్యము గలదని ఇచ్చట గ్రహింపవలెను. ఆ మూల్యము చెల్లించినవారి పేర్లు ఏ పత్రికలోను రావు.

అమెరికాలో జాన్ కేన్ మొదలగువారు మందులకు లొంగని 268 మందిపై ఆరు వారముల పరీక్ష జరిపి 1988లో ప్రకటించిరి. క్లోజపిన్ తీసికొన్నవారిలో నూటికి 30 మందికి గుణము కనిపించెను. క్లోర్‌ప్రొమజిన్ తీసికొన్నవారిలో నూటికి నలుగురికి మాత్రమే. 1989లో అనుమతి వచ్చెను, ఒక షరతుతో: వారము వారము రక్తము తీసి శ్వేతకణములు లెక్కింపవలెను, లెక్క లేనిదే మందు లేదు. ఆ లెక్కలు ఏండ్లతరబడి ప్రోగుపడగా, ప్రమాదము ముఖ్యముగా మొదటి కొన్ని నెలలలోనేననియు, నూటికి ఒకరికి మించదనియు తేలెను. తుదకు 2025లో అమెరికా ఆ కఠిన నిబంధనను సడలించి, రక్తపరీక్షను వైద్యుని సలహాకు విడిచెను. లిథియంనకు జ్వాలా దీప్తిమాపకము, క్లోజపిన్‌నకు సూక్ష్మదర్శిని క్రింద కణముల లెక్క: మూసిన తలుపును తెరచినది రెండు చోట్లను కొలతయే.

మన దేశపు ద్వారము

మన దేశమున 1930-31లో రామనాథ్ చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘము కల్తీమందుల స్థితిని పరిశీలించెను. సర్పగంధను పరిశోధించిన చోప్రాయే ఈయన. ఆ సిఫారసుల ఫలితముగా 1940లో ఔషధముల చట్టము వచ్చెను. క్రొత్త మందులను మనుష్యులపై పరీక్షించుటకు వివరమైన నియమములు 1988లో చేరినవి.

మన అనుభవములో ఆలస్యమొక్కటే గాక తొందరపాటును గలదు. 2008 జనవరి నుండి 2010 అక్టోబరు వరకు 33 క్రొత్త మందులకు భారతీయ రోగులపై పరీక్షలు లేకుండనే అనుమతి లభించెనని పార్లమెంటు స్థాయీ సంఘము 2012 మే నెలలో వెల్లడించెను. మనోవ్యాకులతకు అమ్ముచుండిన ఒక మిశ్రమ ఔషధమును, అది తయారైన డెన్మార్కులోనే అమ్మకమునకు అనుమతి లేదని ఆ సంఘము ఎత్తిచూపగా, 2013 జూన్‌లో కేంద్ర ప్రభుత్వము నిషేధించెను. ఆపైన న్యాయస్థానములలో వివాదము నడచెను.

మన తెలుగునాట ఖమ్మం జిల్లాలో 2009లో వేలకొలది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సర్ టీకా వేయు అధ్యయనము జరిగెను. కొందరు బాలికల మరణముల వార్తలు రాగా 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేసిరి. మరణములకు టీకా కారణమని నిరూపింపబడలేదు. కాని పలు సమ్మతి పత్రములపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహముల వార్డెన్లు సంతకములు చేసినట్లు విచారణలో తేలెను. ఇట్టి ఉల్లంఘనలపై వచ్చిన వ్యాజ్యములో సర్వోన్నత న్యాయస్థానము 2013లో అప్పటికే ఇచ్చిన అనుమతులను పునఃపరిశీలింప నాదేశించెను; సమ్మతి తీసికొనుటను దృశ్య, శ్రవణ రూపమున నమోదు చేయుమనెను. ఆ తరువాత మన దేశమున క్రొత్త మందుల పరీక్షలు బాగుగా తగ్గిపోయినవి. ఉప్పు సీసా నీతియే మరల: నిన్న ద్వారమును తప్పించుకొన్న వారి అపరాధమునకు నేడు వేచియున్న రోగి శిక్ష అనుభవించును.

2019 మార్చిలో క్రొత్త నియమావళి వచ్చెను. మన దేశముననే కనుగొన్న మందు పరీక్షకు దరఖాస్తు వచ్చినచో 30 పనిదినములలోను, ఇతర మందులకు 90 పనిదినములలోను అధికారులు నిర్ణయము చెప్పవలెను. మొదటి తరగతిలో గడువు దాటినచో అనుమతి వచ్చినట్లే భావింపవచ్చును. 2024 ఆగస్టులో మరియొక సడలింపు వచ్చెను. అమెరికా, బ్రిటన్, జపాను, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా సమాఖ్యలలో అనుమతి పొందిన కొన్ని తరగతుల మందులకు ఇచ్చట మరల పరీక్ష జరుపవలసిన పని లేకుండ మినహాయింపు ఈయవచ్చును. ఇప్పుడున్న చికిత్సకంటె గణనీయముగా మెరుగైన మందులు ఆ తరగతులలో నొకటి. 'మెరుగు' అని చూపుటకును మరల కొలతయే కావలెను.

కొత్త గోలీ కథ

ఇక మా విద్యార్థి అడిగిన గోలీ సంగతి. అందులోని ప్రధాన ద్రవ్యము జేనొమెలిన్. దీనిని 1990వ దశకమున అల్జీమర్స్ అను మతిమరపు వ్యాధికై పరీక్షించిరి. రోగుల భ్రమలు, భ్రాంతులు తగ్గుట 1997లోనే ప్రకటితమైనది. కాని వాంతులు, కడుపునొప్పి ఎక్కువగుటచే సంస్థ దానిని ప్రక్కన బెట్టెను. చాల ఏండ్లకు, మెదడులోనికి పోక కడుపులో మాత్రమే ఆ బాధను అడ్డు ట్రోస్పియం అను పాత మందును దానితో జతచేయవచ్చునను ఆలోచన మరియొక సంస్థకు తోచెను. క్రొత్త పరీక్షలు జరిగెను. 2023లో దరఖాస్తు పెట్టిరి. 2024 సెప్టెంబరు 26న అమెరికాలో అనుమతి వచ్చెను.

1997 నుండి 2024 వరకు 27 ఏండ్లు. అందులో ఫైలు ప్రభుత్వ కార్యాలయములో నుండినది సుమారు ఒక్క ఏడు. మిగిలిన 26 ఏండ్లు ఆలోచన రాకను, ఆసక్తి లేకను, ధనము పెట్టువారు లేకను గడచినవి.

ఆలస్యములు నాలుగు

ఇప్పుడు లెక్క తేల్చుదము. మొదటిది, ఎవరును పట్టించుకొనని ఆలస్యము: సర్పగంధ, లిథియం, జేనొమెలిన్ దీనికి నిదర్శనములు. లాభము రాని మందును ప్రజాధనముతో పరీక్షించుటయే దీనికి విరుగుడు. రెండవది, భయము తెచ్చిన ఆలస్యము: ఉప్పు సీసా, ఫిన్లండు, ఖమ్మం. సరియైన కొలతయు, నిజమైన సమ్మతియు దీనికి మందు. మూడవది, ఫైలు ఆలస్యము: ఇది నిజమే, నిందింపదగినదే, గడువుల నియమమును ప్రజలు తెలిసికొని అడుగవలెను. నాలుగవది, చివరి కొలది మైళ్ల ఆలస్యము. దీనిని గూర్చి ఎవరును మాటలాడరు.

ఏలయన, వణుకు తక్కువగా నుండి, మొండి వ్యాధిని సైతము లొంగదీయు క్లోజపిన్ మన దేశమున ఏండ్లుగా లభించుచునే యున్నది. లిథియంయు అంతే. రెండును ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో గలవు. మా విద్యార్థిని మరల కలిసికొని విచారింపగా, అన్నకు క్లోజపిన్ ఈయవచ్చునని ఒక వైద్యుడు రెండేండ్ల క్రిందటనే చెప్పెనని తెలిసినది. మొదటి 18 వారములు వారమున కొకసారి, పిదప నెలకొకసారి రక్తపరీక్ష కావలెను. వారమున కొక దినము కూలి మాని, రోగిని వెంటబెట్టుకొని బస్సులో పోయివచ్చుట సాగదని ఇంటివారు వద్దనిరి. సముద్రము దాటి రావలసిన గోలీకై కోపపడుచున్న కుటుంబమునకు, వాస్తవముగా అడ్డుపడినది కొన్ని మైళ్ల దూరమున నున్న ఒక సూక్ష్మదర్శిని!

ఆ మాట చెప్పినపుడు ఆతడు కొంతసేపు మౌనముగా నుండి, "అంటె అడగాల్సింది ఢిల్లీల కాదు సార్, మన దవాఖానలనే" అనెను. రెండు చోట్లను అడుగవలెనని నేనంటిని. అతడు తన ఊరికి దగ్గరలోనే రక్తపరీక్ష జరుగు ఏర్పాటునకై తిరుగుచున్నాడు. ఇంకను పూర్తికాలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. జ్వాలా పరీక్ష చేయించునపుడు లిథియం కెంపు జ్వాల ఎన్ని ప్రాణములు నిలిపినదో పిల్లలకు చెప్పుడు. రక్తకణముల పాఠము చెప్పునపుడు క్లోజపిన్ పేరెత్తుడు. సాయంత్రపు కల్లులో ఏమి యుండవచ్చునో, దానిని హఠాత్తుగా మానుట ఏల ప్రమాదమో, వైద్యుని సాయముతో క్రమముగా తగ్గించుకొనుట ఏల క్షేమమో విద్యార్థుల ద్వారా ఇండ్లకు చేర్చుడు. మనసు బాగులేని వారికై కేంద్ర ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలిమానస్ టెలిఫోను సంఖ్య 14416ను తరగతి గోడపై వ్రాయించుడు. ద్వారము తెరువుమని గట్టిగా అడుగుట మన హక్కు. ద్వారమును పెరికివేయుమని మాత్రము అడుగరాదు. ఆ పని జరిగిన చోట ఏమగునో నిజామాబాదు జిల్లావారికి మరియొకరు చెప్పనక్కరలేదు.